గాలమ్మ చెప్పిన గోడ

ఆ రోజు పొద్దున అత్తయ్య స్నానాలగది ముందు నిలబడి, గొళ్లెం మీద చెయ్యి వేసి, "ఇది ఎటు పోతుందమ్మా?" అని అడిగింది.

కోడలు పొయ్యి దగ్గర నుంచే నవ్వింది. అత్తయ్యకు వేళాకోళం పాలు ఎక్కువ. "మీరు ఎటు పొమ్మంటే అటు పోతుంది," అంది. తిరిగి చూస్తే అత్తయ్య ఇంకా అక్కడే ఉంది. ముఖంలో నవ్వు లేదు. కొత్త ఊళ్లో దారి తప్పినవాళ్లు ఎవరినడగాలో తెలీక నాలుగు వైపులా చూస్తారే, అలా చూస్తోంది.

అంతలోనే తేరుకుంది. "తువ్వాలు మర్చిపోయాను, ఇలా అందుకో," అంది.

తువ్వాలు ఆవిడ భుజం మీదే ఉంది.

మరొకరైతే పెద్దతనం అని సరిపెట్టుకునేదే. కాని ఈవిడ తలుపులతో బతికిన మనిషి. ఊరి కింద ఉన్న బొగ్గు గనిలో ఏ తలుపు తీస్తే గాలి ఎటు తిరుగుతుందో, ఏది మూస్తే ఎవరికి ఊపిరాడదో కళ్లు మూసుకుని చెప్పిన ఇంజనీరు. గనివాళ్లు ఆవిడకు గాలమ్మ అని పేరు పెట్టింది అందుకే. చీకట్లో బుగ్గకు తగిలే గాలిని బట్టి, "ఎవడ్రా పడమటి తలుపు బార్లా తీసింది?" అని అరిచేదట. పరుగెత్తి చూస్తే నిజంగానే తీసి ఉండేదట. అలాంటి గాలమ్మకు తన ఇంట్లో తలుపు ఎటు పోతుందో తెలియలేదు. కోడలి గుండెల్లో రాయి పడింది. ఆ రాయి పడిన చోటు ఇంట్లో కాదు. గనిలో.

ఎందుకో చెప్పాలంటే కొంచెం వెనక్కి వెళ్లాలి.

గాలమ్మ పదవీ విరమణ చేసేనాటికి గని గాలి లెక్క మొత్తం ఆవిడ తలలోనే ఉండేది. లోపల ఒక దారి మళ్లించాలన్నా, కొత్త ఫ్యాను పెట్టాలన్నా, ముందు కంప్యూటర్లో గనికి ఒక నమూనా కట్టి అందులో గాలి పారించి చూస్తారు. ఆ నమూనా కట్టడమే పెద్ద పని. ఏ దారిని ఎలా లెక్కలోకి తీసుకోవాలి, దేన్ని వదిలెయ్యొచ్చు, దేన్ని వదిలితే కొంప మునుగుతుంది అన్నది ఏ పుస్తకంలోనూ ఉండదు. ఈ గని వరకు అది గాలమ్మకే తెలుసు. ఆవిడ తర్వాత ఏం గతి అని మేనేజరుకు దిగులు పట్టుకుంది. గని ఆఫీసులోనే డేటాబేస్ పని చూసే కోడల్ని పిలిచి, "మీ అత్తగారి బుర్రని నీ పట్టికల్లోకి దించెయ్ అమ్మా," అన్నాడు.

అలా అత్తాకోడళ్లు సాయంత్రాలు భోజనాల బల్ల దగ్గర కూర్చోవడం మొదలుపెట్టారు. ఒకరు చెప్పడం, ఒకరు ఎక్కించడం. "మీరిద్దరూ ఇంతసేపు మాట్లాడుకుంటున్నారంటే ఎవరి కాపురం కూలుస్తున్నారో అని భయమేస్తోంది," అని కొడుకు హాస్యమాడేవాడు. ఆఫీసులో కోడలికి పట్టికలమ్మ అన్న పేరు వచ్చింది కూడా అప్పుడే.

ఒక పట్టికలో గనిలోని దారులు, వాటి పొడవూ వెడల్పూ. ఇంకోదాంట్లో కూడళ్లు. మరోదాంట్లో తలుపులు, గోడలు, తెరలు. ఏ దారి ఏ కూడలిలో కలుస్తుందో, ఏ గోడ ఏ దారికి అడ్డమో చెబుతూ పట్టికకూ పట్టికకూ చుట్టరికం కలిపింది. ఇంతవరకు ఎవరైనా చేస్తారు. ఆ తర్వాతి పట్టికే అసలైంది. అందులో కొలతలు ఉండవు, గాలమ్మ తెలివి ఉంటుంది. 'పైకప్పు దిగిన దారిలో వంపు కూడా ఉంటే గాలికి అడ్డు రెట్టింపు అనుకో.' 'రెండు వరసల గోడ కట్టి మధ్యలో మట్టి కూరిన చోట అవతలి నుంచి ఏమీ రాదనుకో, ఆ దారిని లెక్కలోంచి తీసెయ్.' ఇలాంటివి వందలు. వరసకో నియమం. ప్రతి వరస చివర 'చెప్పినవారు' అన్న గడిలో గాలమ్మ పేరు.

ఇప్పుడు ఈ పట్టికలు ఎక్కించిన మెషీన్‌కు "ఫలానా చోట ఫ్యాను పెడితే?" అని అడిగితే చాలు. అదే పట్టికలు వెతుక్కుని, నియమాలు తిరగేసి, ఏది ఉంచాలో ఏది తీసెయ్యాలో తేల్చుకుని, నమూనా తయారుచేసి ముందు పెడుతుంది. నెలలు పట్టే పని టీ తాగి వచ్చేలోపు అయిపోతుంది. పై ఆఫీసు నుంచి వచ్చినవాళ్లు ముక్కున వేలేసుకున్నారు.

ఆ మెషీన్ మాట మీదే గనికి కొత్త ఫ్యాను తెప్పించారు. పాతదానికి నాలుగింతల బలం. దాన్ని ఆ వారంలోనే నడపబోతున్నారు. అది నడిచే వేళకు లోపల ఉండబోయే షిఫ్టు ఇంజనీరు ఎవరో కాదు, గాలమ్మ కొడుకు, పట్టికలమ్మ మొగుడు.

తువ్వాలు సంగతి ఆమె మొగుడికి చెప్పలేదు. తనకే ఇంకా నమ్మకం కుదరలేదు. ఆ సాయంత్రం అత్తయ్య పక్కన కూర్చుని కూరలు తరుగుతూ, ఊసుపోక అడిగినట్టు పాత నియమాలు ఒక్కొక్కటే కదిపింది. అత్తయ్య ఠక్కుఠక్కున చెప్పింది. పట్టికలో ఉన్నదానికి అక్షరం తేడా లేదు. కోడలికి ఊపిరి తిరిగి వచ్చింది. అనవసరంగా ఆవిడని అనుమానించానే అని తనను తాను తిట్టుకుంది కూడా.

"అది సరే అత్తయ్యా, గనిలో మూసేసిన పాత తూర్పు భాగం దగ్గర రెండు వరసల గోడ కట్టించారు కదా, ఎవరు కట్టారు దాన్ని?" అంది, చివరగా, మాట వరసకు.

అత్తయ్య కత్తి ఆపింది. "గోడేంటే? అక్కడ గోడ లేదుగా. గుడ్డ తెర."

"గోడ అన్నారు మీరు."

"నేనా? కడదామనుకున్నాం. ఈలోగా పైకప్పు రాలడం మొదలైంది, అందరం బయటికొచ్చేశాం. తారు పూసిన గుడ్డ కట్టి వచ్చేశాం. దారికి తాళం పడింది." మళ్లీ తరగడం మొదలుపెట్టింది. "గోడట! ఎవరు చెప్పారు నీకు?"

కోడలి చేతిలో కూర చేతిలోనే ఉండిపోయింది. "మీరే," అనబోయి మింగేసింది.

కాసేపయ్యాక మళ్లీ అడిగింది, గొంతు మామూలుగా ఉంచుకుని. "తూర్పు భాగానికి అడ్డంగా ఏముందన్నారు అత్తయ్యా?"

"రెండు వరసల గోడ, మధ్యలో మట్టి," అంది అత్తయ్య, తల ఎత్తకుండా. "ఎన్నిసార్లు చెప్పాలే నీకు?"

అప్పుడు పుట్టింది అసలు భయం. మర్చిపోయిన మనిషి మర్చిపోయానంటే తంటా లేదు. ఈవిడ రెండూ చెబుతోంది. రెండూ ఒకే నమ్మకంతో చెబుతోంది. ఏది జ్ఞాపకం, ఏది జబ్బు? గోడ అన్న మాట పట్టికలోకి ఎక్కింది పోయిన ఏడాది. అప్పటికే ఇది మొదలై ఉంటే? ఆ ఏడాది ఎక్కిన మిగతా నియమాల మాటేమిటి?

ఆమెకు ఇంకొకటి కూడా గుర్తొచ్చింది. అత్తయ్య చాలా మాటల చివర 'అనుకుంటా' అనేది. 'అక్కడ రెండు వరసలే అనుకుంటా.' పట్టికలో అనుకుంటాకు గడి లేదు. ఉంది, లేదు, గోడ, తెర, అంతే. ఆ మాట అన్నప్పుడల్లా తన వేళ్లు దాన్ని దాటి ముందుకు వెళ్లిపోయాయి. గోడ విషయంలో ఆవిడ ఆ మాట అన్నదో లేదో ఎంత తన్నుకున్నా ఇప్పుడు గుర్తు రావడం లేదు.

మర్నాడు ఆఫీసులో ఆమె నేరుగా పటాలు ఉన్న గదికి వెళ్లింది. సర్వేయరు పాత పటం తీసి బల్ల మీద పరిచాడు. తూర్పు భాగానికి అడ్డంగా రెండు గీతలు ఉన్నాయి.

"చూశారా, రెండు వరసల గోడ," అన్నాడు సర్వేయరు.

"ఇది కట్టాక గీసిందా, కట్టబోయే ముందు గీసిందా?"

అతను పటాన్ని ఇటూ అటూ తిప్పాడు. "అది పటం చెప్పదమ్మా," అన్నాడు. "మీ అత్తగారినే అడగండి. ఆవిడకి తెలీనిది ఉందా?"

ఆమె ఏడవలేక నవ్వి బయటికి వచ్చేసింది.

తన సీట్లో కూర్చుని పట్టికలకు ఒక నకలు తీసుకుంది. అందులో ఆ వరస వెతికింది. 'అడ్డు రకం: రెండు వరసల గోడ.' అది చెరిపి 'గుడ్డ తెర' అని కొట్టింది. మిగతా ఏదీ ముట్టుకోలేదు. నమూనా కట్టమని చెప్పి కుర్చీలో వెనక్కి వాలింది. కూర్చోలేకపోయింది. లేచి కిటికీ దగ్గరకు వెళ్లింది. ఆవరణలో కొత్త ఫ్యాను ఇంటి అంత ఎత్తున నిలబడి ఉంది. పెయింటు వేసేవాడు దాని చుట్టూ ఎర్ర గీత గీస్తున్నాడు.

తిరిగి వచ్చేసరికి కంప్యూటర్లో గని మారిపోయింది. గోడ ఉన్నంతకాలం మెషీన్‌కు పాత తూర్పు భాగం లేనట్టే. గుడ్డ అనేసరికి వేరే నియమం పట్టుకుంది: దారిని ఉంచు, అవతల ఏముందో చూడు. అవతల ఏళ్ల తరబడి ఊరి ఊరి నిలిచిన గ్యాసు ఉంది. పాత ఫ్యాను దాన్ని కదిలించలేకపోయింది. కొత్తది ఒక్క గుక్కలో పీలుస్తుంది. ఆ గ్యాసు గుడ్డలోంచి దూరి, వాలు దారి పట్టుకుని, మనుషులు బొగ్గు తవ్వే కింది గ్యాలరీలోకి దిగుతోంది. ఆ గ్యాలరీ మీద మెషీన్ ఎర్ర రంగు పులిమింది.

కింది గ్యాలరీ ఆమె మొగుడి షిఫ్టుది.

మళ్లీ నడిపింది. మళ్లీ ఎరుపే. గడిలో గోడ అని మార్చింది, పచ్చబడింది. తెర అంది, ఎర్రబడింది. ఒక్క మాట. పక్క సీటు అమ్మాయి, "ఏంటండీ అలా ఉన్నారు, జ్వరమా?" అంటే అవునంది.

ఇంటికి వచ్చాక అత్తయ్య పడుకున్న గది తలుపు దగ్గరగా వేసి మొగుడికి మొత్తం చెప్పింది. తువ్వాలు దగ్గర నుంచి ఎరుపు దాకా. అతను వింటూ వింటూ లేచి నిలబడ్డాడు.

"మా అమ్మకి ఏమీ కాలేదు," అన్నాడు.

"ఏమీ కాలేదని నేనూ అనుకోవాలనే..."

"నువ్వు పొద్దున్నుంచి సాయంత్రం దాకా అడిగిందే అడుగుతుంటే ఎవరికైనా తికమక వస్తుంది. నాకే వస్తుంది."

"ఏవండీ, రేపు ఫ్యాను నడుపుతున్నారు."

"నడపనీ. పటంలో గోడ ఉంది. పట్టికలో గోడ ఉంది. నీ పట్టికే కదా? నువ్వు కట్టిందే కదా? నీకే నమ్మకం లేకపోతే ఇంతకాలం మేం దేన్ని నమ్మి దిగుతున్నాం?"

అతను గొంతు తగ్గించాడు. "ఆఫీసులో చెప్పకు. చెప్పావనుకో, రేపటి నుంచి అమ్మని చూసే చూపే మారిపోతుంది. గాలమ్మకి మతి పోయిందట అంటారు. ఆవిడ గేటు దగ్గరకొస్తే ఇప్పటికీ లేచి నిలబడతారు తెలుసా? అది తీసేస్తావా?"

కోపంగా అంటున్నాడు కాని అతని కళ్లు తల్లి గది తలుపు మీదే ఉన్నాయి. తల్లికి ఏదో అవుతోందని అతనికి కూడా తెలుసని ఆమెకు అప్పుడు అర్థమైంది. తనకంటే ముందే తెలుసేమో. గని గురించి కాదు అతని భయం. ఆ భయంతో వాదించడం ఆమెకు చేతకాలేదు. అత్తయ్య గదిలో మంచం కిర్రుమంది.

పొద్దున్నే అతను తయారై, తల్లికి చెప్పి, ఈమెకు చెప్పకుండానే వెళ్లిపోయాడు. వీధి మలుపు దాకా అతని వీపు చూస్తూ నిలబడింది. వీపు మలుపు తిరిగాక ఆమెకు కాళ్లు ఆగలేదు. ఆఫీసుకు నడిచింది అనడం కంటే పరుగెత్తింది అనడం నయం.

మేనేజరు గదిలో పై ఆఫీసు మనుషులు ఇద్దరు కొత్త చొక్కాల్లో కూర్చుని ఉన్నారు. కుర్చీలకు పూలు కట్టడం ఒకటే తక్కువ. ఆమె గుమ్మంలోనే నిలబడి, "సార్, ఫ్యాను ఆపాలి," అంది.

మేనేజరు ముందు నవ్వాడు. తర్వాత ఆమె ముఖం చూసి బయటికి తీసుకొచ్చాడు. ఆమె చెప్పింది. అత్తయ్య జబ్బు మాట ఎత్తలేదు. గోడ అని ఒకసారి, తెర అని ఒకసారి చెప్పారు అని మాత్రం అంది.

"ఒకసారి పొరపాటున అని ఉంటారు."

"కాదు సార్."

"మరేంటి?"

ఆమె నేల చూపులు చూసింది. మొగుడి మాట చెవిలో మోగింది. అదే చెవిలో, గని లోపలికి మనుషుల్ని దించే లిఫ్టు గంట కూడా మోగింది. మొదటి జట్టు దిగుతోంది.

"అత్తయ్యకి మతిమరుపు జబ్బు మొదలైంది సార్," అంది. అనేసి, నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. "ఎప్పటి నుంచో నాకు తెలీదు. పట్టికలో ఏ మాటలు అంతకు ముందువో ఏ మాటలు తర్వాతవో నాకు తెలీదు."

మేనేజరు ఒకప్పుడు గాలమ్మ కింద పని నేర్చుకున్నవాడే. అతని ముఖంలో రంగు పోయింది. అయినా నమ్మడానికి మనసొప్పలేదు. "మేడం గారినే అడుగుదాం," అన్నాడు. "ఆవిడ నోటితో చెబితే ఆపుతాను. లేకపోతే గదిలో కూర్చున్న పై ఆఫీసువాళ్లకి ఏం చెప్పను? కోడలికి అనుమానమొచ్చింది అని చెప్పనా?"

కబురు పంపనక్కర్లేకపోయింది. గేటు దగ్గర కాపలా మనిషి లేచి నిలబడటం కిటికీలోంచి కనబడింది. అత్తయ్య వస్తోంది. చీర చక్కగా కట్టుకుంది, తల దువ్వుకుంది. కాళ్లకు మాత్రం చెప్పులు లేవు.

కంట్రోలు గదిలోకి ఆవిడ అడుగుపెట్టగానే అందరూ పక్కకు జరిగారు. గోడ నిండా గని పటం, దాని మీద దీపాలు. మేనేజరు కుర్చీ లాగి వేశాడు. ఆవిడ కూర్చోలేదు.

"మేడం, పాత తూర్పు భాగానికి అడ్డంగా ఉన్నది గోడా, తెరా?"

గాలమ్మ పటం దగ్గరకు వెళ్లింది. వేలు పెట్టి పెద్ద దారి పట్టుకుంది. కూడలి దాటింది, ఇంకో కూడలి దాటింది. ఒక మలుపు దగ్గర వేలు ఆగింది. కొంచెం ఎడమకు జరిగింది. వెనక్కి వచ్చింది. అక్కడే ఆగిపోయింది. కోడలికి ఆ వేలు మీద నుంచి చూపు తిప్పుకోవాలని ఉంది, తిప్పుకోలేకపోతోంది. పై ఆఫీసు మనిషి ఒకడు గడియారం చూసుకున్నాడు.

"అత్తయ్యా," అని కోడలు దగ్గరకు వెళ్లబోయింది.

"ఉండు." ఆవిడ వేలు పటం మీద నుంచి తీసింది. ఇటు తిరిగింది. కళ్లలో భయం ఉంది, దాచుకోలేదు. "నిన్న మీరిద్దరూ మాట్లాడుకున్నది విన్నాను. అప్పటి నుంచి తలుచుకుంటూనే ఉన్నాను. గోడ తలుచుకుంటే గోడ కనబడుతోంది. ఇటికలు కూడా కనబడుతున్నాయి. తెర తలుచుకుంటే తారు వాసన కూడా వస్తోంది. ఏది నిజమో నాకు తెలీదు."

"మేడం..."

"తెలీదు అంటున్నా. వినబడుతోందా? ఏదైనా తెలీకపోతే ఏం చెయ్యాలో నీకు నేర్పానా లేదా?"

మేనేజరు తల ఊపాడు.

"ఏం నేర్పాను?"

"పని ఆపాలి. మనుషుల్ని పైకి తీసుకురావాలి."

"మరి ఇంకా నన్ను చూస్తావేంటి?"

మేనేజరు ఫోను అందుకున్నాడు. పై ఆఫీసు మనిషి ఏదో అనబోతే చెయ్యి చూపించి ఆపాడు. గాలమ్మ అప్పుడు కుర్చీలో కూర్చుంది. కూర్చోవడం కాదు, కూలబడింది. కోడలి చెయ్యి పట్టుకుని, "వాడు లోపలున్నాడా?" అని అడిగింది. ఉన్నాడంది. కొంచెం ఆగి మళ్లీ అడిగింది. మళ్లీ ఉన్నాడంది.

ఫ్యాను అప్పటికి ఇంకా తిరగలేదు. అయినా అందరూ పైకి రావడానికి మధ్యాహ్నం అయింది. లిఫ్టు వచ్చినప్పుడల్లా కోడలు ముఖాలు వెతికింది. నల్లటి ముఖాలన్నీ ఒక్కలాగే ఉన్నాయి. తన మనిషి ఏ జట్టులోనూ లేడు. షిఫ్టు ఇంజనీరు అందర్నీ పంపించాక ఆఖరున వస్తాడని ఆమెకు తెలుసు. ఆఖరి లిఫ్టులో అతను వచ్చాడు. హెల్మెట్ తీసి చేత్తో పట్టుకుని ఆమె ఎదుట నిలబడ్డాడు.

"చెప్పేశావా?" అన్నాడు.

"చెప్పాను."

అతను ఇంకేమీ అనకుండా కంట్రోలు గది వైపు నడిచాడు. కిటికీలోంచి తల్లి కనబడుతోంది. ఆవిడ పక్కన ఎవరో నీళ్ల గ్లాసు పట్టుకుని నిలబడి ఉన్నారు. అతను గుమ్మం దాకా వెళ్లి, లోపలికి వెళ్లలేక, గోడకు ఆనుకుని కళ్లు తుడుచుకున్నాడు. చేతి మసి ముఖమంతా అయింది.

తూర్పు భాగం దగ్గర ఉన్నదేమిటో చూసి రావడానికి, ఊపిరి యంత్రాలు తగిలించుకుని రక్షక దళం దిగింది. తాళం వేసిన దారిలో రాలిన రాళ్లు తప్పించి, పైకప్పుకు ఊతాలు పెట్టుకుంటూ పోవాలి. ఫోనులో మాట వస్తూ, తెగుతూ ఉంది. 'రెండో ఊతం పెట్టాం.' తర్వాత చాలాసేపు ఏమీ లేదు. ఆ ఏమీ లేని సేపట్లో కోడలికి ఇంకో భయం పట్టుకుంది. అక్కడ నిజంగా గోడే ఉంటే? తన మాట మీద ఆ దళం ఆ రాలే కప్పు కింద ఉంది. ఒక్క రాయి పడితే ఆ పాపం ఎవరిది? గోడ ఉండాలని కోరుకోవాలో తెర ఉండాలని కోరుకోవాలో తెలియక, ఆ మనుషులు వెనక్కి రావాలి, వెనక్కి రావాలి అని మాత్రం లోపల అనుకుంటూ కూర్చుంది.

ఫోను గరగరమంది. దళం నాయకుడి గొంతు. "చేరాం. గోడ ఉంది సార్."

గదిలో ఎవరో పెద్దగా ఊపిరి వదిలారు.

"నడుం ఎత్తు దాకా ఉంది. ఒక్క వరసే. పైన గుడ్డ కట్టారు. గుడ్డ చిరిగి వేలాడుతోంది. గ్యాసు మీటరు ఆగకుండా మొత్తుకుంటోంది సార్. వెనక్కి వచ్చేస్తున్నాం."

కడదామనుకున్నారు, మొదలుపెట్టారు, పైకప్పు రాలితే వదిలేసి గుడ్డ కట్టి వచ్చేశారు. ఆవిడకు కనబడిన ఇటికలూ నిజమే, వచ్చిన తారు వాసనా నిజమే. మేనేజరు ఫోను పెట్టేసి చాలాసేపు దాని మీద నుంచి చెయ్యి తియ్యలేదు. ఆ పొద్దున ఫ్యాను తిరిగి ఉంటే ఏమయ్యేదో ఎవరూ పైకి అనలేదు. కింది గ్యాలరీలోకి దిగిన మనుషులు ఆవరణలో కూర్చుని టీ తాగుతున్నారు. ఒకడు ఏదో జోకు వేస్తే నవ్వుతున్నారు.

దాంతో కోడలికి భయం తీరిపోయిందా అంటే తీరలేదు. మర్నాడు ఆమె పోయిన ఏడాది ఎక్కిన నియమాలన్నీ బయటికి లాగింది. ఒక్కొక్కటీ చూస్తుంటే ప్రతిదాని వెనకా ఒక చిరిగిన గుడ్డ వేలాడుతున్నట్టే ఉంది. నియమాల పట్టికకు కొత్త గడి కలిపింది. దానికి 'అనుకుంటా' అనే పేరు పెట్టింది. ఎవరో వెళ్లి కళ్లతో చూసి రాసేవరకు ఆ గడి చెరగదు. అది ఉన్నంతకాలం మెషీన్ ఆ దారిని తీసెయ్యదు. 'దీని సంగతి తెలీదు, ముందు తెలుసుకోండి' అని ఆగిపోతుంది. పై ఆఫీసువాళ్లు మండిపడ్డారు. ఇంత ఖరీదైన మెషీన్ చీటికీ మాటికీ తెలీదంటుందేమిటన్నారు. మేనేజరు వాళ్లకు టీ ఇప్పించి పంపాడు.

మొగుడే తల్లిని డాక్టరు దగ్గరకు తీసుకెళ్లాడు. డాక్టరు చెప్పిన జబ్బు పేరు పొడుగ్గా ఉంది. అర్థం మాత్రం చిన్నదే: తగ్గదు, నెమ్మదిగా పెరుగుతుంది. ఇంటికి వచ్చాక అత్తయ్య కోడల్ని పిలిచింది.

"నన్ను అడగడం మానకు," అంది. "నాకు ఉన్నంతవరకు అడుగు. కాని నా ఒక్క మాట మీద ఎవర్నీ దించకు. నాకు భయంగా ఉందే. నాలో ఏది ఊడిపోతోందో నాకు తెలీడం లేదు. ఊడిపోయిన చోట ఏదో ఒకటి అతుక్కుంటోంది. అది అచ్చం నిజంలాగే ఉంటోంది."

కోడలు ఆవిడ తల ఒళ్లోకి తీసుకుంది. ఏమీ కాదత్తయ్యా అందామనుకుంది. "నేనున్నాను," అని మాత్రం అంది.

పాత తూర్పు భాగానికి ఈసారి నిజంగా గోడ లేచింది. నలుగురు వెళ్లి చేతులతో తట్టి చూసి వచ్చాక ఫ్యాను నడిపారు. ఆ రోజు కోడలు ఆఫీసులో కూర్చోలేకపోయింది. లిఫ్టు దగ్గర బెంచీ మీద కూర్చుంది. ఫ్యాను మోత మొదలయ్యేసరికి కాళ్ల కింద నేల అదిరింది. ఆమె కళ్లు మూసుకుంది. మెషీన్ మొత్తం పచ్చగా చూపించిందని ఆమెకు తెలుసు. మునుపూ పచ్చగానే చూపించింది. షిఫ్టు ముగిసేదాకా అక్కడి నుంచి కదల్లేదు. ఎవరో తెచ్చిన టీ పక్కనే చల్లారిపోయింది.

అతను పైకి వచ్చి, ఆమెను చూసి, తల ఊపాడు. ఇద్దరూ కలిసి ఇంటికి నడిచారు.

అత్తయ్య కిటికీ పక్కన కూర్చుని ఉంది. అతను స్నానం కూడా చెయ్యకుండా ఆవిడ కాళ్ల దగ్గర నేల మీద కూర్చుని, లోపల గాలి ఎలా ఉందో చెప్పడం మొదలుపెట్టాడు. పెద్ద దారిలో ఎంత జోరుగా ఉంది, మలుపులో ఎంత తగ్గింది, కింది గ్యాలరీలో మొదటిసారి చెమట ఎలా ఆరింది. ఆవిడ కళ్లు సగం మూసుకుని, బుగ్గ కొంచెం పక్కకు తిప్పి వింటోంది.

"ఎటు నుంచి తగిలింది నాన్నా?" అంది.

"కుడి వైపు నుంచమ్మా."

"ఆ. అటు నుంచే రావాలి." కాసేపటికి మళ్లీ అడిగింది. "ఎటు నుంచి తగిలింది?"

"కుడి వైపు నుంచమ్మా," అన్నాడు అతను, అదే గొంతుతో, మొదటిసారి చెబుతున్నట్టే.